గరాజ్‌లో పోపు

"పోపు పెట్టావా?"

తలుపు తీసి, బూట్లకంటిన మంచు ఇంకా దులుపుకోకముందే అడిగాడు తేజేశ్వర్.

"పెట్టాను. గరాజ్‌లో," అంది అంకిత. ఒంటిమీద ఇంకా వింటర్ కోటుంది, చేతిలో పప్పు గిన్నె. "నువ్వు చెప్పినట్టే. కారు పక్కన, హాట్ ప్లేట్ మీద, గ్లవ్స్ వేసుకుని. ఆవాలు కూడా వణికాయి పాపం."

అతను నవ్వలేదు. హాల్లో నిలబడి ముక్కు పైకెత్తాడు. కర్టెన్ పట్టుకుని వాసన చూశాడు. తర్వాత సోఫా. తర్వాత మోకాళ్ళ మీద వంగి, మెట్ల మీది కార్పెట్.

"డాడీ, మళ్ళీ డాగ్‌లా స్నిఫ్ చేస్తున్నావ్," అంది నైనిక హోంవర్క్‌లోంచి తలెత్తకుండానే.

"ఇంగువ," అన్నాడు తేజేశ్వర్. "వస్తోంది."

"నాకేం రావట్లేదు," అంది అంకిత.

"రాదు. లోపలుండేవాళ్ళకి తెలీదు. అదే ప్రాబ్లం."

"మరి నువ్వుండేది ఎక్కడ?"

అతను లేచి వెళ్ళి కిటికీ తెరిచాడు. నేపర్‌విల్ జనవరి గాలి చాకులా లోపలికొచ్చింది. నైనిక పుస్తకం పట్టుకుని పై గదిలోకి పారిపోయింది.

అక్టోబర్‌లో ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు ఒక జంట చూసి వెళ్ళారు. ఆ సాయంత్రం వాళ్ళ ఏజెంట్ రాసిన మాట ఫోన్‌లోకి వచ్చింది. కింద పేరు లేదు. 'ఇల్లు బాగుంది. వాసన భరించలేకపోయారు.' అంతే. తేజేశ్వర్ ఆ వారమే ఇంటిని మార్కెట్‌లోంచి తీసేశాడు. మళ్ళీ మార్చిలో పెట్టాలి. జూన్‌లో అతను ఫ్రీమాంట్‌లో కొత్త ఉద్యోగంలో చేరాలి. ఈలోపు అమ్ముడుపోకపోతే అతనక్కడ, తల్లీకూతుళ్ళిక్కడ.

అందుకే చలికాలమంతా పని. గోడలకి రంగు వేయించాడు. కార్పెట్లు కడిగించాడు. అక్టోబర్‌లో హాల్లోనే ఉన్న లావెండర్ ఎయిర్ ఫ్రెషనర్లని ప్రతి గదికీ పెట్టించాడు. కర్టెన్లు మార్చాడు, ఆ కొత్తవాటినీ రెండుసార్లు ఉతికాడు. అయినా నిద్రలో కూడా అతని ముక్కు మేలుకునే ఉంటోంది. ఆఫీస్ ఎలివేటర్‌లో మూలకి ఒదిగి నిలబడుతున్నాడు. పక్కవాళ్ళెవరైనా ముక్కు రుద్దుకుంటే తలవంచి తన కాలర్ వాసన చూసుకుంటున్నాడు.

శుక్రవారం పొద్దున కొత్త ఏజెంట్ షారన్ ఇల్లు చూడటానికి వస్తానంది. ఆ పేటలో ఇళ్ళన్నీ ఆవిడ చేతిమీదుగానే అమ్ముడవుతాయని పేరు. ఆ రోజు తేజేశ్వర్ వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని కిచెన్ అల్మరాలన్నీ తెరిచి కూర్చున్నాడు. ఒకదాంట్లో, వెనకాల, స్టీలు పోపులడబ్బా కనిపించింది.

"ఇదింకా ఇంట్లోనే ఉందా?"

"గరాజ్‌లో చలికి మూత రావట్లేదు. అందుకని లోపల పెట్టాను."

"మూత తియ్యకుండానే వస్తోంది వాసన."

"స్టీలు తేజా! స్టీల్లోంచి వాసనెలా వస్తుంది?"

"వస్తోందంటే వస్తోంది. తీసేద్దాం."

"తీసేస్తే ఏం వండను?"

"మార్చి దాకా సూపులు, శాండ్‌విచ్‌లు. చచ్చిపోం కదా."

"మార్చి తర్వాత? ఫ్రీమాంట్ ఇంట్లో?"

"అప్పుడు చూద్దాం."

అంకిత కోటు అందుకుంది.

"ఒక పని చెయ్. ఆవిడొచ్చేలోపు నన్ను కూడా గరాజ్‌లో పెట్టి తలుపెయ్," అని, కోటు తగిలించుకుని, నిజంగానే గరాజ్‌లోకి వెళ్ళిపోయింది.

అతను ఆగలేదు. ఆగితే వెనక్కి తిరుగుతానని తెలుసు. డబ్బా పట్టుకుని, చెప్పులతోనే మంచులోకి నడిచి, రోడ్డు పక్కనున్న చెత్తబిన్ మూత ఎత్తాడు. వేళ్ళు కొంకర్లు పోయి డబ్బా జారింది. మూత ఊడింది. తెల్లటి మంచు మీద పసుపు ఒలికింది. ఆవాలు, మెంతులు చుట్టూ చెదిరాయి. డబ్బాని బిన్‌లో పడేసి, కంగారుగా కాలితో మంచు తోసి పసుపుని కప్పబోయాడు. తోసినకొద్దీ అది ఇంకా పరుచుకుంది.

అప్పుడే షారన్ కారు వచ్చి ఆగింది.

అతను ఆ మరకకి అడ్డంగా నిలబడి ఆవిడని పలకరించి లోపలికి తీసుకొచ్చాడు. గడప దాటి రెండడుగులు వేసిందో లేదో ఆవిడ ఆగిపోయింది. బ్యాగ్‌లోంచి టిష్యూ తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

తేజేశ్వర్ పరుగున వెళ్ళి కిటికీ తెరిచాడు.

"సారీ, వెరీ సారీ," అన్నాడు గబగబా. "మేమిప్పుడు గరాజ్‌లోనే వండుతున్నాం. ఇంగువ అని మా వంటల్లో ఒకటుంటుంది, అది మానేశాం. మసాలాలన్నీ ఇందాకే పారేశాను. కావాలంటే కార్పెట్లు కూడా మార్పించేస్తాను..."

గరాజ్ తలుపు దగ్గర అంకిత వచ్చి నిలబడి వింటోంది.

షారన్ వరసగా మూడు తుమ్ములు తుమ్మింది. అతను చెప్పేదేమీ అర్థం కానట్టు చూసింది. కళ్ళు తుడుచుకుంటూ సోఫా వెనక్కి వెళ్ళి, వంగి, గోడ ప్లగ్‌లోంచి లావెండర్ ఎయిర్ ఫ్రెషనర్‌ని పీకి అతని చేతిలో పెట్టింది.

"అక్టోబర్‌లో ఆ జంటని తీసుకొచ్చింది నేనే. ఈ వాసన భరించలేకపోయారని రాశాను కదా, ఇంకా తియ్యలేదేం?"