బ్రేకు దిగుతోంది అల్లుడూ

"బ్రేకా ఇది, దూదిపరుపా? కాలు పెడితే నేల దాకా పోతోంది!"

డ్రైవింగ్ స్కూలు నడిపే మామగారు కారు దిగీ దిగకముందే షెడ్డు ఎగిరిపోయేలా అరిచారు. వెనకే దిగిన కూతురు, అంటే మెకానిక్ అల్లుడి భార్య, చేతి సంచీ సర్దుకుంటూ, "నాకు బాగానే ఉంది నాన్నా. ఊరికే గొడవ చెయ్యకు" అంది.

"నువ్వుండు. బ్రేకు సంగతి నీకేం తెలుసు?"

అల్లుడు గోడ గడియారం వంక చూశాడు. ఇంకాసేపట్లో భార్యకి లైసెన్సు పరీక్ష. వెళ్లాల్సింది ఈ కారులోనే. వంతు తప్పిందంటే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో పిలిచేవాళ్లకే తెలీదు. పైగా నిన్న ఆ బ్రేకులకి కొత్త ప్యాడ్లు వేసింది తనే. ఇవాళ పరీక్ష పోతే ఇంట్లో తన పక్క ఎక్కడ పరుస్తారో ఊహించుకుని, గబగబా బానెట్ ఎత్తాడు.

బ్రేకు ఆయిలు నిండుగా ఉంది. చక్రాల దగ్గర వంగి చూశాడు. ఎక్కడా చెమ్మ లేదు. గొట్టాల్లో గాలి చేరిందేమోనని భార్యని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను నేల మీద పడుకున్నాడు.

"నొక్కు! అలాగే పట్టుకో. ఆఁ, ఇప్పుడు వదులు."

నాలుగు చక్రాల దగ్గరా అదే పాట పాడాడు. ఒక్క బుడగ వస్తే ఒట్టు. ఇంజను ఆపి, తనే ఎక్కి, పెడల్ తొక్కిపట్టి కూర్చున్నాడు. ఆయిలుని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్ పోతే, పెడల్ కాలి కింద మెల్లగా దిగజారిపోవాలి. ఇది మాత్రం రాయిలా నిలబడింది.

"మామయ్యా, దీనికి ఏ రోగమూ లేదు."

"నువ్వు తొక్కితే దిగదు, అది తొక్కితే దిగదు, నేను తొక్కితేనే దిగుతుందా? నా కాలేమైనా శనిపాదమా?" మామగారు స్టూలు మీంచి లేచారు. "చేతకాకపోతే చేతకాలేదని చెప్పు. ఎదురు షెడ్డు వాడికిస్తాను. పరీక్షదేముంది, ఇంకో నెల ఆగుతుంది. దానికేమైనా బండి నడపడం వచ్చి చచ్చిందా?"

భార్య మొగుడి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి భయపడే అతను రెండు చేతులూ జోడించాడు.

"మీరే ఎక్కండి మామయ్యా. ఎక్కడ దిగుతోందో తొక్కి చూపించండి. తప్పు నాదైతే రేపట్నుంచి షెడ్డు మూసేస్తాను."

మామగారు ఠీవిగా కారు చుట్టూ తిరిగి వెళ్లి, పక్క సీటు తలుపు తీసి కూర్చున్నారు.

"అటెందుకు? స్టీరింగు ఇటుంది కదా!"

"అటు కూర్చునేది నేర్చుకునే వెధవలు. నా స్కూలు కారుని ఆపేది ఈ బ్రేకు!" అంటూ ఆయన తన కాళ్ల దగ్గరున్న రెండో పెడల్‌ని తన్నారు. అది కిక్కురుమనకుండా నేల దాకా వెళ్లి, అక్కడే పడుకుంది. "చూశావా? నీ పెళ్లాం లారీ కిందికి పోబోతే ఆపిందెవరు? బడి గోడ గుద్దబోతే ఆపిందెవరు? ఈ కాలు! ఈ కాలే లేకపోతే నీ బతుకేమయ్యేది?"

ఇన్నాళ్లూ ఈ కాలి పురాణం వినీ వినీ అల్లుడికి చెవులు చిల్లులు పడ్డాయి. టార్చి పట్టుకుని ఆయన మోకాళ్ల కింద దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక, నవ్వు ఆపుకోవడానికి మూతి తుడుచుకున్నాడు.

"మామయ్యా, ఈ పెడల్‌కీ ఆ పెడల్‌కీ సంబంధమే లేదు. రెంటినీ కలిపే రాడ్డు వేలాడుతోంది. దాని పిన్నే లేదు."

"నిన్న నువ్వే పీకుంటావు!"

"నిన్న నేను పట్టింది చక్రాలు. లోపల ఊడ్చానంతే. ఈ పెడల్ వెనక రబ్బరు ముక్క ఒకటి ఇరుక్కుని ఉంటే చెత్త అనుకుని పారేశాను. ఆ రాడ్డుకి పట్టిన సాలెగూడు చూడండి, నెలల నాటిది. ఇన్నాళ్లూ మీరు తొక్కింది ఆ రబ్బరు ముక్కని."

మామగారు వంగి ఆ సాలెగూడుని కళ్లారా చూసుకున్నారు.

"మరి ఆ లారీ? ఆ గోడ? ఎవరాపారు?"

"అసలు బ్రేకు ఎవరి కాలి కింద ఉందో వాళ్లే."

పెద్దాయన ముఖం చూస్తే అల్లుడికి నిజంగానే జాలేసింది. ఆయన తన కాలి వంక, పరాయివాళ్ల కాలిని చూసినట్టు చూసుకున్నారు. అంతలోనే రోషం తన్నుకొచ్చింది.

"ఎవడో గిట్టనివాడి పని ఇది! వాణ్ని పట్టుకుని తోలు తీస్తాను. ముందు నువ్వు పిన్ను వెయ్యి, అప్పటిదాకా ఈ కారు కదలడానికి వీల్లేదు!"

"ఆ కొలతకి సరిపడే పిన్ను నా దగ్గర లేదే..." అంటూ అల్లుడు డబ్బాలన్నీ బోర్లించి వెతకసాగాడు.

భార్య స్టీరింగు ముందు కూర్చుని, అద్దం సరిచేసుకుని, చేతి సంచీలోంచి ఒక తుప్పు పట్టిన పిన్ను తీసి తండ్రి అరచేతిలో పెట్టింది.

"పరీక్ష అయ్యాక వేసుకుందువుగానిలే నాన్నా. నీ కాలికి ఏమీ తోచదేమోనని ఆ రబ్బరు ముక్క పెట్టింది కూడా నేనే!"