జానెడు మేస్త్రి

“ఆపండి! ఇంక లాగితే చెక్క చీలిపోతుంది!”

మేస్త్రి కూతురి కేకకి తాళ్ళు లాగుతున్నవాళ్ళు ఆగిపోయారు. కొత్త పడవ ముక్కు షెడ్డు తలుపు దాటింది కానీ, నడుము ఇరుక్కుపోయింది. ఆమె టేపు పెట్టి చూసింది. తలుపు కన్నా పడవే జానెడు వెడల్పు ఎక్కువ.

ఆమెకి తల కొట్టేసినట్టయింది. నాన్న పనిలో తేడానా! ఏనాడూ టేపు ముట్టకుండా, కంటితోనే కొలిచి, నీటిబొట్టు దూరకుండా పలకలు కూర్చే మనిషి. గోరంత తేడా కూడా ఒప్పుకోడని రేవులో అందరూ ఆయన్ని గోరంత మేస్త్రి అంటారు. ఈ పడవ మాత్రం తక్కువా? పలకలన్నీ ఒకే మానులోంచి తీసినట్టున్నాయి. అంత అందంగా ఉంది.

ఒకప్పుడు ఆ ఒడ్డున పద్నాలుగు పడవల షెడ్లుండేవి. ఇప్పుడన్నీ హోటళ్ళే. మిగిలిన ఈ ఒక్కదాన్నీ, స్థలం తన పేర ఉందని బాబాయి హోటల్ కంపెనీకి అమ్మేశాడు. మేస్త్రి గొడవపడలేదు. చివరిగా ఒక్క పడవ కట్టుకుంటానని, అది నీళ్ళలో దిగేదాకా షెడ్డులో పెంకు కూడా కదపొద్దని మాత్రం అడిగాడు. పెద్దాయన ముచ్చట కదా అని కంపెనీ మేనేజరు కాగితం మీద సంతకం పెట్టిచ్చాడు.

ఆ మేనేజరు ఇప్పుడు పగలబడి నవ్వుతున్నాడు.

“మీ పడవ మీ తలుపులోనే పట్టలేదేంటి పెద్దాయనా!”

“వయసైపోయింది బాబూ. చూపు ఆనట్లేదు,” అన్నాడు మేస్త్రి తల దించుకుని.

“పర్లేదులెండి. రేపు గోడ కొట్టించేస్తాను.”

ఆ నవ్వుకి కూతురికి ఒళ్ళు మండింది. గబగబా లోపలికెళ్ళి కాగితం తెచ్చి మేనేజరు ముందు పెట్టింది.

“పడవ నీళ్ళలో దిగేదాకా పెంకు కూడా కదపనని రాశారు. గోడెలా కొడతారండీ?”

మేనేజరు నవ్వు ఆగిపోయింది. “అయితే పడవే కోసేయండి!”

“పడవ మాది. చెయ్యి పడనివ్వను.”

కాసేపు కాగితాన్నీ తలుపునీ మార్చి మార్చి చూసి, అతను విసవిసా కారెక్కి వెళ్ళిపోయాడు.

పడవ పలకలు నిమురుతున్న తండ్రి పక్కన కూతురు కూలబడింది. కోపం తగ్గాక ఏడుపొచ్చింది.

“ఏదో దేవుడి దయ, షెడ్డు దక్కింది. కానీ రేపట్నుంచి అందరూ నిన్ను జానెడు మేస్త్రి అంటారు నాన్నా! ఒక్కసారి టేపు పెట్టి చూసుకుంటే నీ సొమ్మేం పోయేది?”

మేస్త్రి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

“తలుపుని టేపుతో మూడుసార్లు కొలిచాకే మొదలుపెట్టానమ్మా.”