నౌన్ దాటని పాఠం

"ఇది వర్బ్ నాన్నా. వర్బ్ అంటే ఏంది? పని చెప్పే మాట. ఇగో, ఈ పిల్లగాడు ఏం చేస్తుండు? చూసి చెప్పు."

త్రివేణి, పరుగెడుతున్న పిల్లవాడి బొమ్మ ఉన్న కార్డును కళ్ళ ముందు ఆడించింది.

"ఆపిల్."

"ఆపిల్ కాదు. ఆపిల్ నౌన్. అది మొన్ననే అయిపోయింది. ఇది రన్. రన్నింగ్. అను."

"ఆపిల్." అదే జవాబు, అంతే ధీమాగా.

త్రివేణి పళ్ళు బిగబట్టింది. నాచారంలో కంపెనీలో పొద్దంతా నిలబడి పనిచేసి, ఉప్పల్ చౌరస్తా ట్రాఫిక్‌లో ముప్పావుగంట ఇరుక్కుని ఇప్పుడే ఇల్లు చేరింది. మొహమైనా కడుక్కోకుండా కార్డులు పట్టుకుని కూర్చుంది. నెల రోజులుగా ఇదే వరస. మంచం చూపినా ఆపిలే, బస్సు చూపినా ఆపిలే. నిద్రపోతున్న పిల్లిని చూపినా ఆపిలే.

"రేపు శనివారం. హబ్సిగూడల మాటలు నేర్పే మేడం అన్నీ అడుగుతది. పోయినసారి ఏమన్నదో యాదికున్నదా? ఇంట్ల మీరు చేయిస్తలేరు, ఈసారి గూడ గింతే ఉంటే ఈ టైము ఇంకొకలకిస్త అన్నది. అందరి ముందల నా తల కొట్టేసినట్టయింది."

ఎదుటి చూపు కిటికీలోంచి అవతలి మెట్రో రైలు వెంట పోయింది.

"ఇటు సూడు! సరే, నోటితోని వద్దు. రాయి. ఆర్, యు, ఎన్."

పెన్సిల్ అందించింది. ఎడమచేతి వేళ్ళు దాన్ని పిడికిలిలో పట్టుకుని, నోటుబుక్కులో వానపాములాంటి గీత ఒకటి గీసి వదిలేశాయి.

"మూడక్షరాలు! మూడంటే మూడు! కావాలనే చేస్తున్నవా?"

ఆ అరుపుకు తల్లి సారలమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"ఒర్రకే. గట్ల ఒర్రితే వచ్చేదిగూడ రాదు."

"నువ్వు నడుమ రాకమ్మా. అడగకముందే అన్నీ చేతికందిస్తవు. ఇగ నోరు తెరిచే పనేముంటది?"

"నీకు ఎ, యాన్ తేడా తెలువనీకి ఎన్ని దినాలు వట్టింది? ఏడాది వట్టింది. అప్పుడు నిన్నెవలన్న గిట్ల ఒర్రిన్రా?"

సారలమ్మ విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

త్రివేణి గొంతు తగ్గించి ఇంకో కార్డు తీసింది. పాలు తాగుతున్న పాప.

"వాట్ ఈజ్ షీ డూయింగ్? మెల్లగనే చెప్పు. తొందరేం లేదు."

పెదవులు కదిలాయి. వణికాయి. నుదుట చెమట పట్టింది.

"ఆ... ఆపిల్."

అంతే. చేతిలోని కార్డులన్నిటినీ నేలకేసి కొట్టింది.

"నాతోని కాదు! ఇగ నాతోని అస్సలు కాదు!"

అక్కడే కూలబడి, మోకాళ్ళలో తల దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

కాసేపటికి తల మీద చెయ్యి పడింది. తడుముతూ జుట్టు నిమిరింది.

"షీ..."

త్రివేణి తల ఎత్తలేదు.

"షీ... ఈజ్... క్రయింగ్."

దిగ్గున లేచి చుట్టూ చెదిరిన కార్డుల వైపు చూసింది. వాటిలో ఏడ్చే పాప బొమ్మ ఒక్కటీ లేదు. ఆ కళ్ళు చూస్తున్నది కార్డులను కాదు, ఆమె మొహాన్ని. కర్త ఉంది, క్రియ ఉంది, కాలం కూడా సరిపోయింది.

ముప్పై ఏళ్ళు ఇంగ్లిష్ మాస్టారుగా పనిచేసిన ఆమె తండ్రి, పక్షవాతం వచ్చాక పలికిన మొదటి వాక్యం అది.