ఆరు కత్తిరింపులు

"ఈ పూట దాని రెక్కలు మీరు కత్తిరిస్తారా, ఆ కాంపౌండర్ని పిలిపించమంటారా?" అంటూ దర్జీ భార్య తువ్వాలు చేతపట్టుకుని మొగుడి ఎదురుగా నిలబడింది.

దర్జీ తల ఎత్తకుండా మిషను తొక్కుతూనే ఉన్నాడు. ఆపేసిన ఫ్యాను రెక్క మీద కూర్చుని వాళ్ల చిలుక కిందికి తొంగిచూస్తోంది. బల్ల మీద గుండీ కనిపిస్తే చాలు, ముక్కున కరుచుకుని ఉడాయిస్తుంది. అందుకే దాని పేరు కూడా గుండీయే.

అరగంట కిందట ఆ ఫ్యాను తిరుగుతూ ఉంది. ఇది తిన్నగా దాని మీదికే ఎగిరింది. ఆవిడ గరిటె పారేసి పరుగెత్తుకొచ్చి స్విచ్ ఆపబట్టి బతికిపోయింది. నిన్నటికి నిన్న నిలువుటద్దానికి కొట్టుకుని దబ్బున కింద పడింది. పైగా ముందుగదే దుకాణం, వీధి తలుపు పొద్దస్తమానం బార్లా తెరిచే ఉంటుంది. ఈకలు ఏపుగా పెరిగినప్పటి నుంచీ ఆవిడకి కంటి మీద కునుకు లేదు.

పశువుల ఆసుపత్రి కాంపౌండర్ని అడిగితే, ఒక్కో రెక్క చివర మూడేసి ఈకలు కత్తిరిస్తే చాలన్నాడు, గోళ్లు తీసినంత తేలికట. కొత్తగా వస్తున్న ఈక మీద మాత్రం కత్తెర పడకూడదు, పడితే నెత్తురు ఆగదన్నాడు. తనే వచ్చి చేస్తానని కూడా అన్నాడు పాపం. ఆవిడే వద్దంది. నలభై ఏళ్లుగా గీసిన గీత మీద నుంచి వెంట్రుకవాసి పక్కకి జరగని కత్తెర ఇంట్లో ఉండగా ఇంకొకరిని బతిమాలడం దేనికి?

ఆ కత్తెర గలాయనేమో వారం నుంచి సాకులు చెబుతున్నాడు. ఓ రోజు కత్తెర సానకి ఇచ్చానన్నాడు. ఓ రోజు ఈకలు తడిగా ఉన్నాయన్నాడు. చిలుకకి కత్తిరించడానికి కొలతలు తీసుకోవద్దా అని ఓ రోజు హాస్యమాడాడు. ఇవాళ ఆవిడ కళ్లలో నీళ్లు చూశాక ఇక సాకు దొరకలేదు కాబోలు, మిషను ఆపాడు.

"పట్టుకురా" అన్నాడు.

ఆవిడ జామపండు ముక్క చూపించి గుండీని కిందికి పిలిచి, తువ్వాల్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. కళ్లజోడు పెట్టుకోమంటే ఆయన పెట్టుకోలేదు. అప్పుడు తట్టింది ఆవిడకి. ఏడాదిగా ఈయన సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాడు కదా. రోజుకి పదిసార్లు పిలుస్తాడు. ఆవిడ తడిచెయ్యి తుడుచుకుని వచ్చి, ఇదే స్టూలు మీద కూర్చుని, దారం ఎక్కించి, ఆ మాటా ఈ మాటా చెప్పి లేచేసరికి పొయ్యి మీద ఏదో ఒకటి మాడుతుంది. అలాంటి చూపుతో ఈకలు కత్తిరించమంటున్నానా అనుకుంది. వద్దందామని నోరు తెరిచేలోగా కత్తెర కరుక్కుమంది. ఆవిడ గట్టిగా కళ్లు మూసుకుంది.

మూడుసార్లు ఇటు. మూడుసార్లు అటు.

"సరిగ్గా పడ్డాయా?" అని అడిగాడు దర్జీ.

ఆవిడ భయంభయంగా కళ్లు తెరిచింది. గుండీ రెక్కలు రెండూ చెక్కుచెదరలేదు. తెగింది తువ్వాలు. ఇటు మూడు చీలికలు, అటు మూడు, కాజాలకి కోసినట్టు సమానమైన ఎడంతో ఉన్నాయి. చూపు పోయినా చేతి నేర్పు పోలేదు అనుకుంది ఆవిడ. గురి తప్పిందని చెబితే ఈ మనిషి మళ్లీ కత్తెర పట్టగలడా? పట్టుదలకి పోయి రెండోసారి కత్తిరిస్తే అది ఏ కొత్త ఈక మీద పడుతుందో?

"నిక్షేపంలా పడ్డాయి. ఆ ఈకలు నేను ఊడ్చేస్తాలెండి" అంది.

అంతలో ఆ గడుగ్గాయి తువ్వాలు విదిలించుకుని, రివ్వున ఎగిరి బీరువా నెత్తికెక్కి కూర్చుంది.

"ఏదీ, ఎటు పోయింది?" అన్నాడు దర్జీ, కత్తెర తుడుచుకుంటూ.

"నడుచుకుంటూ వంటింట్లోకి పోయింది."

"పాపం. అయితే ఇక ఫ్యాను వేసుకోవచ్చన్నమాట."

గాలికి తనకి ఒళ్లు నొప్పులు వస్తున్నాయనీ, ఇకమీదట ఫ్యాను వద్దనీ ఆవిడ చెప్పింది. దుమ్ము వస్తోంది కాబట్టి వీధి తలుపుకి, కిటికీలకి వల గుడ్డ కుట్టి పెట్టమని కూడా చెప్పింది. ఏ కళనున్నాడో, ఎప్పుడూ వంద ప్రశ్నలు వేసే మనిషి, సాయంత్రంలోపే కుడతానని బుద్ధిమంతుడిలా తలూపాడు.

ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్లి, పొయ్యి దగ్గర కాసేపు కళ్లు తుడుచుకుంది. ఇక నుంచి ఆయన కత్తిరించే ప్రతి గుడ్డా పక్కనే కూర్చుని తను చూసుకోవాలి. ఆయనకి తెలియకూడదు. సూదులన్నిటికీ పొద్దున్నే దారం ఎక్కించి పెట్టేస్తే ఇన్నిసార్లు పిలిచే అవస్థ కూడా ఆయనకి తప్పుతుంది. అలా అనుకుంటూ రెండు గ్లాసులు పట్టుకుని వచ్చి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

దర్జీ ఒళ్లో ఆ తువ్వాలు ఉంది. భుజం మీద గుండీ ఉంది. కళ్లజోడు బల్ల మీదే ఉంది. ఆయన డబ్బాలోంచి అన్నిటికన్నా సన్నటి సూది ఏరి, ఒక్క ఊపులో దారం ఎక్కించి, ఆరు చీలికలనీ కుట్టు కనబడకుండా చకచకా రఫూ చేసి కలిపేశాడు. ముడి వేసి, మిగిలిన దారం పళ్లతో తెంపాడు. తరువాత సూదిలో ఉన్న ముక్కని మెల్లిగా వెనక్కి లాగేసి, ఖాళీ సూది చేత్తో పట్టుకుని, వంటింటి వైపు తిరక్కుండానే కేకేశాడు.

"ఏమే, ఒకసారి ఇలా వచ్చి దీనికి దారం ఎక్కించి పో, నాకు కనబడి చావడం లేదు."