ఇంటాయన మాట

“ఒళ్లు మండిన చెల్లి ఓర్పు పెంచమంది.”

బసవమ్మ ప్రూఫు కాగితంలో ఆ లైను పైకి చదివి, కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

“ఒళ్లు మండినదానికి ఓర్పెక్కడిదండి?”

ప్రెస్సు యజమాని చెన్నకేశవరావు కళ్లజోడు నుదుటి మీదికి తోసాడు. “నీకు చదువొచ్చా?”

“ఐదో క్లాసు దాకా వెళ్లా. అక్కడ ‘కూలి పెంచమంది’ అని ఉండాలండి. ఓర్పు ఎవరు పెట్టారు?”

చెన్నకేశవరావు పాటల పుస్తకం అట్ట నమూనా తిప్పి, ఇటూ అటూ చూసి, మళ్లీ బల్ల మీదే పెట్టాడు. అట్ట వెనక ఎరువుల కొట్టు ప్రకటన ఉంది. ఆ కొట్టు ఆసామికి పదెకరాల మిరప తోట ఉంది. ఇక ఓర్పు ఎవరు పెట్టించారో వేరే చెప్పాలా?

పుల్లయ్య మిరపకోత పాటలంటే జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా తెలియని కూలీ లేడు. కంజీర పట్టుకుని ఊరూరా పాడాడు. నిరుడు పోయాడు. పోయే ముందు పాటల నోటుబుక్కు ఈ ప్రెస్సులో ఇచ్చి, రసీదు మీద వేలిముద్ర వేసి వెళ్లాడు. వారంలో పెనుగంచిప్రోలు తిరనాళ్ల. అక్కడ అమ్మడానికి ఇప్పుడు రెండువేల పుస్తకాలు అచ్చవుతున్నాయి. కూలి కాస్తా ఓర్పయిందని, అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరు జ్ఞానయ్య గుట్టుగా కబురంపితే, పుల్లయ్య భార్య బసవమ్మ నందిగామలో తొలి బస్సెక్కి వచ్చింది.

“ఒక్క మాటకి ఇంత దూరం వచ్చావా?” అన్నాడు చెన్నకేశవరావు.

“పుస్తకంలో పడ్డదే నిజమవుద్దండి. రేపు కూలి అడిగితే ఇదే పుస్తకం తెచ్చి, మీ పాటే ఓర్చుకోమంది గదే అంటారు. అప్పుడు మేమేం పాడాలి?”

ఆమె కొంగుముడి విప్పి ఒక చీటీ తీసింది. “నందిగామలో ప్లీడరు గారు రాసిచ్చారు. మనిషి పోయాక కూడా యాభయ్యేళ్లు ఆ పాటల మీద ఇంట్లోవాళ్లకి హక్కుంటదంట.”

చెన్నకేశవరావు చీటీ చదివి నవ్వాడు. “కోర్టుకెళ్లు. కేసు తేలేసరికి నాలుగు తిరనాళ్లు అయిపోతాయి. అసలిదేం చట్టం బసవమ్మా? రాసినవాడు పోయాడు. పోయినవాడి పాట మీద ఇంట్లోవాళ్ల పెత్తనమేంటి?”

“మీ నాన్నగారు పోయాక ఈ ప్రెస్సు మీకెట్లా వచ్చిందండి?”

టైపు కేసు దగ్గర జ్ఞానయ్య దగ్గాడు. నవ్వు ఆపుకోవడానికి వచ్చిన దగ్గు అది.

“ప్రెస్సు ఇనుము. పాట గాలి,” అన్నాడు చెన్నకేశవరావు. “పోయినవాడి పాట ఊరందరిదీ.”

“ఊరందరిదైతే మీరొక్కరే ఎట్లా మారుస్తారు?”

ఆయనకి కాస్త కాలింది. వెంటనే మెత్తబడ్డాడు కూడా. “చూడు, మీ ఆయనంటే నాకు గౌరవం. ఏ పాటగాడైనా చివర్లో తన పేరు దూర్చుకుంటాడు. ఈయన ఒక్క పాటలోనూ పెట్టుకోలా. ప్రతి పాటకీ ‘ఇంటాయన మాటిది ఇనుకోండి’ అనే ముగింపు. ఎంత అణకువ!”

“ఆయన అణకువైనోడే లెండి.”

“కట్టినవాడు బతికుంటే ఆయన చెప్పిందే వేద్దును. ఒక్క అక్షరం కదపను. పోయాడు కాబట్టి కదిపా. అదీ నా న్యాయం.”

బసవమ్మ ఆయన చేతిలోని చీటీ వెనక్కి తీసుకుంది.

“సరేనండి. ఆ న్యాయమే కాయితం మీద రాసివ్వండి. ప్లీడరు గారికి చూపించి, ఈ చీటీ ఆయనకే ఇచ్చేస్తా. యాభయ్యేళ్లు నాకక్కర్లా.”

చెన్నకేశవరావుకి ఒక పట్టాన నమ్మకం కుదరలేదు. “తర్వాత మాట మారిస్తే?”

“మార్చను. మీరూ మార్చకూడదు.”

ఆయన ప్రెస్సు పేరున్న మంచి కాగితమే తీసాడు. పెన్ను మూత తీసి ‘పుల్ల’ దాకా రాసాడు.

“పేరు రాయమాకండి,” అంది బసవమ్మ. “అది నేను పైకి చదువుకోవాలిగా. ఇంటాయన పేరు నోటితో ఎట్లా అనేది?”

“ఇంకా ఈ పట్టింపులేంటమ్మా?”

“ఆయన ఉన్నప్పుడే అనలా. పోయాక అంటానా?”

ఆయన నవ్వి ఆ కాగితం నలిపి పారేసాడు. కొత్త కాగితం మీద పైకి చదువుతూ రాసాడు: “మిరపకోత పాటలు కట్టినవారు బతికి ఉన్నంతకాలం వారు చెప్పినట్టే అచ్చు వేస్తాను. వారు పోయాక ఆ పాటల మీద ఎవరికీ ఏ హక్కూ లేదు.” సంతకం చేసాడు. ప్రెస్సు ముద్ర గట్టిగా గుద్దాడు. సాక్షిగా జ్ఞానయ్య చేత కూడా సంతకం పెట్టించాడు.

“తృప్తేనా?”

బసవమ్మ కాగితం అందుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదివింది. ఎక్కడా ఆగాల్సిన పని పడలేదు. మడిచి కొంగున ముడేసుకుంది. ప్లీడరు చీటీ కూడా అదే ముడిలోకి పోయింది.

“జ్ఞానయ్యన్నా, ఓర్పు తీసేసి కూలి పెట్టు.”

జ్ఞానయ్య అప్పటికే పేర్చిన టైపు మీద వంగి, పాట చివరి లైను చూస్తున్నాడు. ఇంటాయన మాటిది ఇనుకోండి. దాన్ని రెండోసారి చూసాడు. తలెత్తి బసవమ్మని చూసాడు. మీసాల కింద నవ్వు మొదలైంది. చెయ్యి ‘కూ’ ఉన్న గడిలోకి పోయింది.

“ఆగవయ్యా,” అన్నాడు చెన్నకేశవరావు. “బసవమ్మా, ఇప్పుడేగా చదివావు? కట్టినవాళ్లు బతికుంటేనే అని రాసా.”

“అందుకే చెబుతున్నానండి,” అంది బసవమ్మ.

“కట్టినదాన్ని బతికే ఉన్నా.”