ఆది జాకెట్టు

పెద్దింటి అత్తగారు కోడల్ని వెంటబెట్టుకొచ్చి, నా కుట్టుమిషన్ మీద ఒక పాత జాకెట్టు పెట్టింది. "మావాడికి మళ్లీ పెళ్లి చేశాం. ఇదిగో, కొత్త కోడలు. చేతులకి ఇదే ఆది, మణికట్టు దాకా రావాలి. మా కులంలో ఆడది మోచెయ్యి చూపించదు."

ఇరవై ఏళ్లుగా ఆ ఇంటికి అలాగే కుడుతున్నాను. కొలతలకి ఆ ఇంటి కోడళ్లు రారు, ఆది జాకెట్టు వస్తుంది; ఈ పిల్లే పట్టుబట్టి వచ్చినట్టుంది. ఇది మెట్ల మీంచి పడి చనిపోయిందన్న మొదటి కోడలిది.

"నాకు పొట్టి చేతులు పెట్టండక్కా," అంది కొత్త కోడలు.

"కులం పరువు తీస్తావా?" అత్తగారు కసిరింది.

ఆ పిల్ల జాకెట్టు చేతులు పైకి మడిచింది. మోచేతుల పైన నల్లగా కమిలిన వేలిగుర్తులు. "తీసింది నేను కాదత్తయ్యా, మీ అబ్బాయి. నలుగురూ చూడనీండి."

అత్తగారు దగ్గరికొచ్చి వాటిని చూసింది. తన జాకెట్టు చెయ్యి కూడా మడిచింది. ముంజేతి ఎముక ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కుని ఉంది.

"నాకూ కొలతలు తియ్యి."

నేను టేపు అందుకోబోయాను. మిషన్ మీది పాత జాకెట్టు రెండు చేతులూ నా వైపే చాచుకుని ఉంది. పోయేముందు ఆ మొదటి కోడలు కబురు పెట్టింది, ఒక్కసారి ఇంటికొచ్చి కొలతలు తీసుకెళ్లమని.

"ఆది ఉందిగా, కొలతలెందుకు?" అని తిరుగు కబురు పంపాను నేనే.