ఇంకో నెల చూద్దాం

"ఇయ్యాల ఏదోటి తేలిపోవాలండి ఆంటీ. ఇంక వాయిదాలు నావల్ల కాదు."

చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే అనేశాడు యోగేశ్. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది. వెనకాలే అతని కుక్క భోలా వచ్చి, సోఫా పక్కన పడుకున్న ఆడకుక్క జున్నును ఓసారి వాసన చూసి, దాని వీపుకు వీపు ఆనించి పడుకుంది.

అరుంధతి వంటింట్లోంచి ఇవతలికి వచ్చింది. పొద్దున్నే పెసరట్ల పిండి రుబ్బింది, అల్లప్పచ్చడి చేసింది. ఇదే ఆఖరి ఆదివారం కాబోలు!

"తేలడానికేముంది బాబూ? పిల్లల్ని కనడానికి జున్ను ఇంకా సిద్ధంగా లేదు."

"రెండేళ్ళు నిండాలన్నారు, నిండిపోనాయి. తుంటి ఎక్స్‌రే అన్నారు, అదీ బాగుందన్నారు. బరువు సరిపోయింది. ఇంక చూడ్డానికేటి మిగిలిందండి?"

"ఇంకా చెప్పులు కొరుకుతోందయ్యా. పిల్లల్నేం సాకుతుంది?"

"చెప్పులు కొరికితే తల్లవకూడదేటండి?"

మామూలుగా అయితే పకపకా నవ్వేదే. ఇవాళ నవ్వు రాలేదు.

ఈ బెంగాలీ నగరంలో, న్యూ టౌన్ పేటలో ఏడో అంతస్తులో ఒక్కతే ఉంటోంది. వారమంతా బ్యాంకులో హిందీ, ఇంగ్లీషు. లిఫ్టులో వచ్చీరాని బెంగాలీ. ఆరు నెలల కిందట పార్కులో జున్నును తెలుగులో తిడుతుంటే, ఈ కుర్రాడు పరుగున వచ్చి, "మీ కుక్కకి జోడీ చూస్తన్నారేటండి?" అన్నాడు. లేదంటే ఆ తెలుగు అక్కడితో ఆగిపోతుందని, "ఆఁ, చూస్తున్నాం" అనేసింది. అంతే, ఆనాటి నుంచీ నెలకో వంక. ఒక్కదానికీ విసుక్కోలేదు పాపం. ఆదివారం ఆదివారం సాల్ట్ లేక్ నుంచి ఆటోలో కుక్కనెక్కించుకుని రావడం, రెండట్లు తినడం, "సరేనండి, ఇంకో నెల చూద్దాం" అని వెళ్ళడం.

"ఆ కాగితమేమిటి?" అంది భయంభయంగా.

"భోలాదండి. డాక్టరుగారిచ్చారు. చదవండి."

పరీక్షలన్నీ చేయించి సర్టిఫికెట్టు కూడా తెచ్చేశాడన్నమాట! ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. కాగితం ముట్టుకోలేదు.

"వద్దు యోగేశ్. తిడితే తిట్టు. జున్ను ఈ జన్మలో సిద్ధం కాదు. ఏడాది కిందట నేనే దగ్గరుండి దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను. చెబితే నువ్విక రావని దాచాను. ఇంత ఊళ్ళో నన్ను పలకరించే దిక్కు లేదయ్యా, ఏం చెయ్యను!"

యోగేశ్ కుక్కల వైపు చూశాడు. కుక్కలు రెండూ నిద్రపోతున్నాయి. ఇప్పుడు భోలాను లేపుతాడు, గొలుసు తగిలిస్తాడు, లిఫ్టు దగ్గరికి నడుస్తాడు. చూడలేక ఆమె వంటింటి వైపు తిరిగింది.

"ఆంటీ!"

వెనక్కి చూసింది. చెప్పులు విప్పేసి, రెండు కుక్కల పక్కనే నేలమీద చతికిలబడి ఉన్నాడు. కళ్ళనిండా నీళ్ళు. కాగితం విప్పి ఆమె వైపు చాపాడు.

"మా అమ్మ పోయాక తెలుగు మాటాడ్డానికి నాకు మాత్రం ఎవరున్నారండి? భోలాక్కూడా ఆపరేషనయ్యి రెండేళ్ళయిపోనాది."